గుమ్మంలో లేడీ ఉర్సులా

లేడీ ఉర్సులా ఏ విందుకైనా అందరికంటే ముందే వెళ్లి కూర్చునేది. ఆమె భర్త ఒట్టి బారన్, చెల్లెలు లెటిస్ భర్తేమో అంతకంటే పెద్ద హోదా ఉన్న ఎర్ల్. అందుకని నార్ఫోక్‌లోని పుట్టింట్లో కూడా గుమ్మం ముందుగా చెల్లెలే దాటాలి, ఆ తర్వాతే అక్క. పదహారేళ్లుగా ఆ అవమానం అక్క గొంతులో ముల్లులా ఉంది. ఓ మధ్యాహ్నం ఆ ఇంట్లోనే విందు జరుగుతుండగా వంటగది అంటుకుని, భోజనశాలంతా పొగ కమ్మింది. పరుగెత్తిన ఉర్సులా చెల్లెలికి దారివ్వాలన్న అలవాటుకొద్దీ గుమ్మంలో ఆగింది. గంపంత గౌను దారి మొత్తం మూసేసింది.

“అక్కా, నీకు దండం పెడతా, ముందు నువ్వే నడువు!” అంది లెటిస్ దగ్గుతూ.

ఉర్సులా గంజిపెట్టిన మెడపట్టీ సర్దుకుంది. “ఆ మాట నలుగురి ముందూ అను.”

చుట్టాలూ నౌకర్లూ అప్పటికే కిటికీల్లోంచి దూకేశారు. ఆమె అడుగు కదపకుండా తోటకేసి కేకేసింది: “ఏవండోయ్, ఒక్కసారి అందరూ లోపలికి రండి! మా చెల్లి ఏదో చెబుతుందట!”