మూడుని నూట ఇరవై చెయ్యమన్నారు

ఆ శనివారం పదకొండయ్యేసరికి డాక్టరమ్మ బల్ల మీద నాలుగు బుల్లి రైలింజన్లు వెల్లకిలా పడుకుని ఉన్నాయి. వాటిలో ఒకదానికే నిజంగా జబ్బు చేసింది. మిగతా మూడింటికీ ఏ లోపమూ లేదు, వాటి యజమానులు తప్ప.

ఆవిడ డాక్టరు కాదు. పంతొమ్మిదేళ్ళు ఒక చెవుల ఆసుపత్రిలో వినికిడి యంత్రాలు బాగుచేసింది. "పనిచెయ్యట్లేదమ్మా" అంటూ వచ్చేవాళ్ళలో సగంమంది స్విచ్చు వెయ్యకుండానే చెవిలో పెట్టుకుంటారని అక్కడే తెలుసుకుంది. ఇప్పుడు లాండ్రీ పైనున్న తన ముందుగదిలో ఎవరు ఏ ఇంజను తెచ్చినా వెంటనే స్క్రూడ్రైవర్ ముట్టుకోదు. "ఇంట్లో ఏం చేశారో అదే ఇక్కడ చెయ్యండి" అని చేతులు కట్టుకుని కూర్చుంటుంది. సగం రోగాలు ఆ కూర్చోవడంలోనే కుదురుతాయి.

పన్నెండుకి మెట్ల మీంచి ముందు గొంతులు వచ్చాయి, తర్వాత మనుషులు వచ్చారు. టైలరు, ఆయన భార్య తమ్ముడు. తమ్ముడు బేకరీలో పనిచేస్తాడు, చొక్కా మీద పిండి ఇంకా దులుపుకోలేదు. అతని చేతిలో తువ్వాల్లో చుట్టిన ఇంజను ఉంది.

"మా బావ దీన్ని చంపేశాడు మేడమ్."

"నేను చంపడమేంటి? నువ్వు ఫోన్లో చెప్పిందే చేశాగా!"

"నేను చెప్పింది నువ్వు ఎప్పుడు విన్నావు గనక?"

"ఒక్కరు మాట్లాడండి. ఇంజను ఎవరిది?" అంది డాక్టరమ్మ.

"నాది" అన్నాడు బావమరిది. "బాగుచేసేది మాత్రం నేనే" అన్నాడు టైలరు, అడక్కుండానే.

సంగతి ఇదీ. తొమ్మిదేళ్ళుగా ఇద్దరూ కలిసి టైలరు వెనకగదిలో ఒక చిన్న రైల్వే కట్టుకుంటున్నారు. రెండు బల్లలు కలిపి బిగించారు. స్టేషన్ ఉన్న బల్ల బావది, సొరంగం ఉన్నది బావమరిదిది. ఆ రోజు నాలుగింటికి లైబ్రరీ హాల్లో ప్రదర్శన. ముందు నడవాల్సింది ఈ ఇంజనే. పొద్దుటి నుంచి అది ఉలకలేదు, పలకలేదు. "ఇది లేవకపోతే నా బల్ల నేను విప్పుకుపోతా. నీ స్టేషన్లో కూత నువ్వే పెట్టుకో" అని బావమరిది తేల్చి చెప్పేశాడు. టైలరు ఆ బెదిరింపు సంగతి నవ్వుతూనే చెప్పాడు గానీ, గొంతులో నవ్వు లేదు.

ఇంజను కడుపులో వేలిగోరంత బోర్డు ఉంటుంది. దాన్నే డీకోడర్ అంటారు. పట్టాల మీద ఎన్ని ఇంజన్లున్నా, క్లాసులో హాజరు పిలిచినట్టు, ఎవరి నంబరు పిలిస్తే వాళ్ళే కదలాలి. కొత్త డీకోడర్ ఏదైనా మూడో నంబరుతోనే వస్తుంది. టైలరు కిందటి రాత్రి ఈ ఇంజనుకి కొత్తది వేశాడు. ఇంజను పక్కన రాసి ఉన్న నంబరు నూట ఇరవై.

"కానివ్వండి అన్నయ్యగారూ" అని డాక్టరమ్మ చేతులు కట్టుకుంది.

చెక్కకి బిగించిన మీటరు పొడవు పట్టా మీద టైలరు ఇంజను పెట్టాడు. పట్టాకి తగిలించిన కంట్రోలరు మీద నూట ఇరవై అని పిలిచి, వేగం పెంచే నాబ్ తిప్పాడు. కదల్లేదు. పాత నంబరు మూడు పిలిచాడు. మళ్ళీ తిప్పాడు. నాలుగంకెలు లెక్కపెట్టేలోపే విసుగొచ్చి నాబ్ వెనక్కి తిప్పేశాడు.

"చూశారా? శవం."

"మూడు మీదే ఉంచి దీపం బటన్ నొక్కండి."

నొక్కాడు. ఇంజను ముందు దీపం వెలిగింది.

"శవాలకి దీపం వెలగదు. అది మీ మాట వింటోంది. మళ్ళీ నాబ్ తిప్పి చెయ్యి తీసెయ్యండి."

"ఎంతసేపు?"

"నేను చెప్పేదాకా."

ముగ్గురూ చూస్తూ కూర్చున్నారు. పదకొండో సెకనుకి ఇంజను, అప్పుడే నిద్ర లేచినదానిలా, చీమ నడకన కదిలింది. బావమరిది నోరు తెరిచాడు.

"ఫోన్లో ఆయన ఏమన్నారు? ఉన్న మాట ఉన్నట్టు చెప్పండి."

"'ఆ మూడుని నూట ఇరవై చేసెయ్ బావా' అన్నాడు. సెట్టింగుల్లో మూడో గడి తీసి నూట ఇరవై కొట్టా."

బావమరిది నుదురు కొట్టుకున్నాడు. "మూడో గడి అని ఎవడన్నాడు? మూడో నంబరు గురించి చెప్పా!"

"నంబరు అన్న మాట నీ నోట రానేలేదు!"

డాక్టరమ్మకి నవ్వాగలేదు. ఇంజను నంబరు ఉండేది మొదటి గడిలో. మూడో గడి చెప్పేది, ఇంజను ఎంత నిదానంగా వేగం అందుకోవాలో. అక్కడ నూట ఇరవై పెడితే నత్త కూడా దాన్ని దాటిపోతుంది.

ఆవిడ మొదటి గడిలో నూట ఇరవై నింపి, మూడో గడి తెరిచింది. "దీన్ని ఐదు చేసేస్తాను."

"ఆగండి మేడమ్" అన్నాడు బావమరిది. అతని కళ్ళు ఇంకా పట్టా మీదే ఉన్నాయి. "నిజం రైలు ఇలాగేగా కదిలేది! పన్నెండు పెట్టెలు లాగేది ఎగిరి గంతేస్తుందా? అలాగే ఉంచండి."

"జనం పదకొండు సెకన్లు ఆగుతార్రా? నేనే ఆగలేదు!"

"నీకు ఓపిక లేకపోతే ఊరికంతా లేదా బావా?"

"పోనీ, పది పెట్టండి" అన్నాడు టైలరు.

"తొంభై."

"పదిహేను. ఆపైన ఒక్కటి కూడా ఒప్పుకోను."

ఒంటిగంటన్నర దాకా బేరం సాగింది. చివరికి డాక్టరమ్మే, "నాకు ఆకలేస్తోంది" అని ఒక అంకె కొట్టేసింది. బావా బావమరుదులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ కాదనలేదు.

నాలుగింటికి లైబ్రరీ హాల్లో రెండు బల్లలూ కలిసే ఉన్నాయి. నూట ఇరవై అని పిలిస్తే ఇంజను నాలుగు సెకన్లు ఆలోచించి, స్టేషన్ వదిలి సొరంగం వైపు కదిలింది. మూడో గడిలో ఇప్పుడున్న అంకె నలభై.