బొంబాయి ఖోలీలో ఒకే బొంత

మీ కళ్ళలో నీళ్ళు తెప్పించిన పాత ముచ్చటను, అది నిజంగా జరిగిందా అని మీరు ఒక్కసారైనా నిలదీశారా?

నిలదీసి ఉండరు. దయ్యాన్ని చూశానన్నవాణ్ణి పట్టుకుని ఎక్కడ చూశావు, ఎప్పుడు చూశావు, పక్కన ఎవరున్నారు అని అడుగుతాం. స్వామి చేతిలోంచి విభూతి రాలిందంటే ఆ చొక్కా చేతులు పైకి మడవమంటాం. సిరిసిల్లలో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య గొంతు పెంచి ఇట్లాంటి వాదాలు నేను జీవితమంతా చేశాను. కానీ ఎవరైనా ‘ఆ రోజులే వేరు’ అని మొదలుపెడితే మాత్రం మన ప్రశ్నలన్నీ అటకెక్కుతాయి. తల ఊపుతాం. నేనూ ఊపాను. పోయిన ఎండాకాలం కోరుట్లలో మా వదినె ఇంటి అరుగు మీద కూర్చుని, ఆమె దగ్గరున్న ఒకే ఒక్క ఆధారం పరాయివాడి చేతికి పోతున్న సమయంలో కూడా ఊపాను.

ముందు ఆ గది సంగతి చెప్పాలి. మావైపు మనుషులకు దుబాయి దారి తెలియకముందు బొంబాయి దారి తెలుసు. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల చుట్టుపక్కల మగ్గం మీద బతకడం కష్టమైన ఇళ్ళ నుంచి మగవాళ్ళు అక్కడి బట్టల మిల్లులకు పోయేవాళ్ళు. ఇరవై ఏళ్ళ వయసులో నేనూ పోయి రెండేళ్ళు ఉన్నాను. నాది బద్లీ పని, అంటే పనికి రాని మనిషి స్థానంలో నిలబడడం. నాకు దొరికేది ఎప్పుడూ మధ్యాహ్నం మొదలై చాలా పొద్దుపోయాక ముగిసే రెండో పాళీయే, అంటే రెండో షిఫ్టే.

ఉన్నది మూడో అంతస్తులో ఒక్క గది. అందరం ఖోలీ అనేవాళ్ళం. మావైపు వాళ్ళం పదకొండు మందిమి. పదకొండు మంది ఒకేసారి కాళ్ళు చాపే చోటు లేదు కాబట్టి పాళీలను బట్టి పడుకునేవాళ్ళం. నాకు చోటు ఇచ్చింది మా పెద్దనాయన కొడుకు, కోరుట్ల అన్న. ఆయనది మూడో పాళీ, రాత్రంతా మిల్లులోనే. పగలు వేడికి మగ్గాల దగ్గర నిలబడలేనని ఆ పాళీని ఆయన కోరి తీసుకున్నాడు, చివరిదాకా వదల్లేదు. పాత చీరలన్నీ కలిపి వదినె కుట్టి పంపిన బొంత ఒకటి ఉండేది. పొద్దున నేను లేచి దులిపితే ఆయన దాని మీద వాలేవాడు. రాత్రి ఆయన పనికి పోయిన తరువాత నేను వచ్చి అదే చోట అదే బొంత పరుచుకునేవాణ్ణి. అట్లా రెండేళ్ళు గడిచాయి.

కింద ఒక ఖానావళి ఉండేది, అంటే నెలవారీగా అన్నం పెట్టే ఇల్లు. మెట్‌పల్లివైపు నుంచి వచ్చిన ఒక ముసలామె నడిపేది. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ తక్కువైందని ఎవరైనా అంటే, రేపటి నుంచి మీ అవ్వను పిలిపించుకోమనేది. సందు మొదట్లో జగిత్యాల నుంచి వచ్చిన ఒక ముస్లిం దర్జీ కూర్చునేవాడు. చదువు రానివాళ్ళకు తెలుగులో జాబులు రాసిపెట్టేవాడు. మా అన్న జాబులన్నీ ఆయన రాసినవే. ‘మీ అన్న నాలుగు మాటలు జెప్తడు, నేను కాయితం నింపాలె’ అని నాతో నవ్వేవాడు.

మిల్లులు మూతపడ్డాయి. అన్న తిరిగి వచ్చి కొన్నాళ్ళు బతికి పోయాడు. కొన్నేళ్ళ కింద ఒక పెళ్ళికి బొంబాయి పోయినప్పుడు ఆ ఖోలీ చోటు వెతికాను. అద్దాల మేడలు నిలబడ్డాయి. మా సందు ఎక్కడని ఇద్దరు పాతకాపులను అడిగాను. ఇద్దరూ రెండు వేర్వేరు వైపులకు చెయ్యి చూపారు, ఇద్దరికీ రవ్వంత అనుమానం లేదు. నేను రెండు చోట్లా నిలబడి చూశాను. రెండు చోట్లా నాకు గుండె బరువెక్కింది. ఆ రోజే నాకు బుద్ధి రావలసింది.

రాలేదు. తిరిగి వచ్చాక ఫోన్‌లో బొంబాయి నుంచి వచ్చినవాళ్ళ గ్రూపులో ఆ ఖోలీ గురించి ఒక పెద్ద ముచ్చట రాశాను. దండం పెట్టే బొమ్మలు, ఏడ్చే బొమ్మలు వరుసగా వచ్చాయి. చాలా సంతోషించాను.

ఇక కోరుట్ల సంగతి. వదినె అద్దె ఇంట్లో ఒక్కతే ఉంటుంది. బిడ్డ మెట్‌పల్లిలో ఉంటుంది, వారానికోసారి వచ్చిపోతుంది. ఆ మధ్యాహ్నం వదినె ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది, నేను చాయ తాగుతున్నాను. అప్పుడు ఒకతను వచ్చాడు. నలభై దాటినట్టున్నాడు, ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. తన తండ్రి కూడా మా అన్నతోబాటు అదే ఖోలీలో ఉన్నాడని చెప్పుకున్నాడు. నేను వచ్చేశాక చేరినవాడేమో అనుకున్నాను. మిల్లులో పనిచేసినవాళ్ళకు బొంబాయిలో ఇళ్ళిస్తారన్న మాట మావైపు చాలా ఏళ్ళుగా తిరుగుతూనే ఉంది. ఆ దరఖాస్తులు తానే దగ్గరుండి చేయిస్తున్నానన్నాడు. దానికి మా అన్న మిల్లు పాసు, అంటే మిల్లు ఇచ్చిన గుర్తింపు కార్డు, అసలుదే కావాలని, స్టాంపు కాగితం మీద వదినె వేలిముద్ర కూడా కావాలని చెప్పాడు.

వదినె ఎప్పుడూ బొంబాయి చూడలేదు. మొగుడు బతికిన ఊరు ఆమెకు దర్జీ రాసిన జాబుల్లోనే తెలుసు. అతనికి ఆ సంగతి తెలుసో లేదో గాని, కాగితాలు పక్కన పెట్టి ముచ్చట్లు మొదలుపెట్టాడు. మూడో మెట్టు విరిగిందని, చీకట్లో కూడా అందరూ లెక్కబెట్టి దాన్ని దాటేవాళ్ళని చెప్పాడు. కిటికీలోంచి చూస్తే మిల్లు పొగగొట్టం కొస ఒక్కటే కనిపించేదన్నాడు. ఆ తరువాత గొంతు తగ్గించాడు.

“రాత్రయితే అందరు వరుసగ పండుకొని ఊరి ముచ్చట్లు జెప్పుకునేటోళ్ళట పెద్దమ్మా. పెద్దబాపు నీ ముచ్చట తియ్యని రోజే లేదని మా బాపు ఇప్పటికీ అంటడు.”

వదినె చేతులు ఆగిపోయాయి. నేను తల ఊపాను. అబద్ధం చెప్పను, నాకు ఆ దృశ్యం కనిపించింది కూడా. చీకటి గది, వరుసగా పడుకున్న మనుషులు, గోడ వైపు తిరిగి మాట్లాడుతున్న అన్న. ఆయన గొంతు సైతం వినిపించింది. వదినె లేచి లోపలికి పోయి, రేషన్ కార్డు, ఆధార్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవర్ తెచ్చింది. అందులోంచి మిల్లు పాసు తీసింది.

అతను చెయ్యి చాపాడు. ఆ చెయ్యి చూశాక నాకు ఒక సంగతి తట్టింది. రాత్రి అన్న ఆ బొంత మీద పడుకుని ఉంటే, నేను ఎక్కడ పడుకున్నట్టు?

పాసు ఒకసారి ఇటివ్వమని నేనే ముందు అందుకున్నాను. మా అన్నది ఏ పాళీ అని అతన్ని అడిగాను. పొద్దటి పాళీ అని టక్కున చెప్పాడు, తన తండ్రీ ఆయనా జోడుగా పనికి పోయేవాళ్ళని కూడా కలిపాడు. పాసు మీద పాళీ దగ్గర మూడు అని అచ్చులో ఉంది. నేను అది చూపించాను. అతను పాసును అప్పుడే మొదటిసారి చూస్తున్నాడు.

“పాత ముచ్చట సార్, బాపుకు యాది లేకపోవచ్చు” అన్నాడు.

ఆ మాట న్యాయంగానే ఉంది. ముసలివాళ్ళకు మరుపు నేరం కాదు. అందుకే ఇంకో మాట అడిగాను. పాసు జిరాక్స్ తీసుకుపొమ్మన్నాను. అసలుదే కావాలన్నాడు. సరే, అసలుది తీసుకున్నట్టు నీ పేరు, ఊరు, సంతకంతో ఒక కాగితం రాసియ్యమన్నాను. నా పెన్నే ఇచ్చాను. అతను పెన్ను పట్టుకుని కొంతసేపు కూర్చున్నాడు. సర్కారు పనుల్లో గిట్లాంటివి నడవయన్నాడు. పై ఆదివారం వస్తానని ఫైలు సర్దుకుని పోయాడు. ఆ ఆదివారం రాలేదు, ఇప్పటికీ రాలేదు. అతను మోసగాడని నేను రుజువు చేయలేదు. పెన్ను చేతికిస్తే రాయకుండా పోయాడు, నాకు తెలిసింది అంతే.

పోయాక వదినె నన్ను మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె పాసు కవర్లో పెట్టి, చాట దగ్గరికి లాక్కుని, ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. నా వైపు చూడలేదు.

“అబద్ధమో నిజమో, గాయన ఒక ముచ్చటన్న చెప్పిండు. నువ్వు నలభై ఏండ్ల సంది అస్తున్నవ్. గా ఖోలీ ముచ్చట ఎన్నడన్న నా ముందల తీసినవా?”

తీయలేదు. అంతకన్నా హీనమైన సంగతి ఇంకోటి ఉంది. విరిగిన మూడో మెట్టు, లెక్కబెట్టి దాటడం, పొగగొట్టం కొస, ఇవన్నీ నేను గ్రూపులో రాసిన మాటలే. ఫోన్ తీసి వెతికి చూసుకున్నాను. రాత్రిళ్ళు అందరం వరుసగా పడుకుని ఊరి ముచ్చట్లు చెప్పుకునేవాళ్ళమన్న వాక్యం అక్షరం పొల్లు పోకుండా అక్కడ ఉంది. రాసింది నేనే. అది ఎప్పుడూ జరగలేదు. జరగడానికి ఆ గదిలో చోటే లేదు. ఏడుపు బొమ్మల కోసం ఒక అబద్ధం రాశాను, దాన్ని ఒకడు ఏరుకుని నా వదినె గడపకే తెచ్చాడు. తిరిగి వింటుంటే నాకే నిజమనిపించింది.

ఆ సంగతి ఆమెకు చెప్పేశాను.

“నువ్వే రాసినవా?” అంది. కత్తెర చాటలో పెట్టి, “లోకానికి రాసినవ్. నాకైతే చెప్పలేదు” అంది.

అప్పుడు చెప్పాను. అన్న పొద్దున మిల్లు నుంచి వచ్చేసరికి కనుబొమ్మల మీద దూది నూగు తెల్లగా అంటుకుని ఉండేదని చెప్పాను. మొహం కడుక్కునేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదని, కడుక్కున్న తరువాత కూడా మాట్లాడేవాడు కాదని చెప్పాను. బొంత కుట్టు ఎక్కడైనా ఊడితే మిల్లు దారంతో తానే కుట్టుకునేవాడని, ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదని చెప్పాను. ఆమె పేరు ఆయన నోట నేను వినలేదని కూడా చెప్పాను. అది చెప్పడానికి భయమేసింది.

ఆమె చుట్టిన బీడీకి దారం కట్టింది.

“గట్లనే ఉండేటోడు” అంది. “ఇంటికచ్చినా గంతే, నాలుగు మాటలు. గా ఫైలాయన చెప్తాంటే గీ మాట్లాడేటాయన ఎవలో అనుకున్న.”

ఇంకా అడిగింది. ఏం తినేవాడు, జ్వరమొస్తే ఎవరు చూశారు, సెలవు రోజు ఎక్కడికి పోయేవాడు. తెలిసినవి చెప్పాను, తెలియనివి తెలియదన్నాను. సగానికి సగం తెలియదు. ఒకే బొంత మీద రెండేళ్ళు పడుకున్న మనిషి గురించి నాకు తెలిసింది అంత తక్కువని ఆ పొద్దే లెక్కకొచ్చింది.

మర్నాడు పాసుకు, ఆమె కార్డులకు బస్టాండు దగ్గర జిరాక్స్‌లు తీయించాము. అన్న మూడో పాళీ ముగించి పొద్దున ఖోలీకి తిరిగి రావడం రెండేళ్ళు కళ్ళారా చూశానని నేను ఒక కాగితం రాసి సంతకం పెట్టాను. చూసినవి మాత్రమే రాశాను. ఇల్లు వస్తుందో రాదో నాకు తెలియదు, ఆమెకూ ఆశ పెట్టలేదు. బిడ్డ వచ్చినప్పుడు ఇద్దరూ పోయి సర్కారు దఫ్తరులోనే నేరుగా కనుక్కుంటామన్నారు. అసలు పాసు మాత్రం వదినె దగ్గరే ఉంది.

సిరిసిల్లలో నాకు తెలిసిన ఒక పెద్దాయన తన పాసు ఇచ్చేశాడు. ఎవరికిచ్చావంటే, మన ఖోలీ మనిషికే అంటున్నాడు. ఆ మనిషి ఇచ్చిపోయిన ఫోన్ నెంబరు కలవడం లేదు. రోజుకు రెండుసార్లు చేస్తున్నాడు.

గ్రూపులో నా ముచ్చట కింద, ఆ వాక్యం అబద్ధమని, నేనే కల్పించానని రాశాను. “ఎందుకన్నా మంచిగున్నదాన్ని చెడగొడ్తవ్” అని ఒకరు పెట్టారు. దానికి ఎనిమిది దండాలు వచ్చాయి. నాకు ఒక్కటీ రాలేదు.

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. ఇప్పుడే ఫోన్ తెరవండి. పోయిన వీధి గురించి, కూలిన ఇంటి గురించి మీరు రాసింది వెతికి, మీ కళ్ళతో చూడని ప్రతి వాక్యాన్నీ కొట్టేయండి, కొట్టేశానని కింద రాయండి. తరువాత ఇంట్లో ఉన్న పెద్దమనిషి దగ్గర కూర్చుని, మీకు నిజంగా తెలిసింది మాత్రం చెప్పండి, వాళ్ళ కాగితాలు అసలువి ఎక్కడున్నాయో ఈ పొద్దే చూసుకోండి. ‘మీ నాయన, మా నాయన ఒకచోటే ఉన్నరు’ అంటూ ఎవరు వచ్చినా, ముందు ఒక పెన్ను ఇచ్చి రాయమనండి. రాయనివాడికి కాగితం ఇవ్వకండి.