మా పిన్ని, పడవరేవు నవల

మా పిన్ని నోరు తెరిచేది పుస్తకం చదవడానికే అని మా కుట్టుగదిలో అందరూ అనేవాళ్లు. అందులో అబద్ధమేమీ లేదు. నోట్లో నాలుక లేని మనిషి. పళ్లెంలో కూర తగ్గినా అడగదు, బస్సులో ఎవరైనా కాలు తొక్కితే తానే పక్కకు జరిగి క్షమించమంటుంది. అదే మనిషి చేతికి ఆ పాత నవల అందిస్తే గొంతు మారిపోయేది. నాకేమో ముక్కుమీద కోపం. ఇద్దరూ ఒకే ఇంటి నుంచి ఎలా వచ్చారే అని మావాళ్లు నవ్వేవాళ్లు. నేను ఆమె అక్క కూతుర్ని. ఆమె పక్క పీట మీద కూర్చుని కోట్లకు బొత్తాలు కుట్టేదాన్ని.

మాది కోట్లు కుట్టే కంపెనీ. మిషన్లన్నీ పైఅంతస్తులో ఉంటాయి. కింద మా గదిలో చేతిపని ఒక్కటే: కాజాలు, బొత్తాలు, లైనింగు అంచులు, జేబుల మూతులకు కచ్చాకుట్టు. మిషన్ల చప్పుడు లేదు కాబట్టి మాట వినబడుతుంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదుగానీ, నేను చేరేనాటికే అక్కడో పద్ధతి ఉంది. మధ్యాహ్నం పూట ఒకరు చదువుతారు, వాళ్ల వంతు కోట్లను మిగతావాళ్లు తలా ఒకటి పంచుకుంటారు. పిన్ని గొంతు బాగుంటుందని ఆ పని ఆమెకే వచ్చింది. అపరాధ పరిశోధనలు చదివాం, దయ్యాల కథలు చదివాం. ఎన్ని వచ్చినా ఏడాదికోసారి, పెద్ద ఆర్డర్లు పడి నడుములు విరిగే రోజుల్లో, ఎవరో ఒకరు మన రేవు కథ తియ్యవే అనేవాళ్లు.

ఎప్పుడో మా అమ్మమ్మల కాలం నాటి నవల అది. ఏటి ఒడ్డున పడవ టికెట్లు అమ్మే అమ్మాయి. వంతెనలు కట్టే మేస్త్రీ ఆమెను ప్రేమిస్తాడు. కలిసి అవతలి ఒడ్డుకు వెళ్లిపోదామని రెండు టికెట్లు కొంటాడు. ఇంట్లోవాళ్ల మాట దాటలేక ఆమె రాదు. అతను ఒక్కడే పడవెక్కుతాడు. ఏళ్లు గడిచాక, అదే ఏటి మీద వంతెన కట్టడానికి తిరిగొస్తాడు. వంతెన పూర్తయితే ఇక పడవ ఉండదు, టికెట్ల గదీ ఉండదు. చివరి పడవ కదిలే రోజున వరసలో నిలబడి, ఆమె ముందుకొచ్చి, మళ్లీ రెండు టికెట్లు అడుగుతాడు. కథంతా ఇంతే.

ఇంతదానికి ఎందుకే ఆ ఏడుపు అని నేను విసుక్కునేదాన్ని. ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. తర్వాత లైనింగు పనికి కొత్తగా చేరిన అంచులావిడకు ఒక్కదానికే తెలియదు. కాజాలు కుట్టే పెద్దావిడకైతే పేజీ తిప్పకముందే తర్వాతి వాక్యం నోటికొచ్చేది. అయినా ఆ రెండు టికెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆవిడే అందరికంటే ముందు కొంగు కళ్లకద్దుకునేది. ఓసారి ఆవిడనే గట్టిగా అడిగాను, అంతేముంది అందులో అని. "మనల్ని ఎవడూ రెండోసారి అడగలేదు కదే" అంది.

పిన్నిని మొదటిసారి అడిగిన మనిషి ఒకడున్నాడు. అప్పట్లో అతను ఈ ఊళ్లోనే ఓ దర్జీ దుకాణంలో కత్తెర పని నేర్చుకుంటున్నాడు. పిన్ని అక్కడే కాజాలు కుట్టేది. మధ్యవర్తుల్ని పంపకుండా తనే ఇంటికొచ్చి, పిన్నిని చేసుకుంటానని గుమ్మంలో నిలబడి అడిగాడట. ఎదురుగా మా మామయ్య, అంటే పిన్నికి అన్నయ్య. తలుపు వెనకాల పిన్ని. మా అమ్మమ్మ అప్పటికే మంచాన పడింది, కనిపెట్టుకుని ఉండటానికి ఒక మనిషి కావాలి. "మా చెల్లికి ఇష్టం లేదు" అనేశాడు మామయ్య. అవసరం ఆయనది, ఇష్టం లేదన్న మాట మాత్రం పిన్నిది అయింది. మౌనం అర్ధాంగీకారం అంటారు. మా ఇంట్లో అది పూర్తి అంగీకారమైపోయింది. అతను తలవంచుకుని వెళ్లిపోయాడు. అమ్మ ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. మామయ్య మీద సగం, తలుపు వెనక నిలబడ్డ మనిషి మీద సగం.

అమ్మమ్మ పోయింది. మామయ్య పిల్లలు పెద్దవాళ్లయ్యారు. పిన్ని మా ఇంటికొచ్చేసింది. పెళ్లి మాట ఎత్తితే, ఇప్పుడెందుకులేవే అని నవ్వేసేది.

అలాంటిది, మా కంపెనీకి కొత్త కటింగ్ మాస్టారు వచ్చారంటే చూద్దామని తలెత్తిన పిన్ని చేతిలో సూది ఆగిపోయింది. ఆయనే. జుట్టు నెరిసింది. భార్య పోయి చాలా కాలమైందట, కూతురికి పెళ్లి చేసి పంపేశారట. వాళ్లిద్దరూ పలకరించుకున్న తీరు చూస్తే నిన్ననే పరిచయమైనవాళ్లు అనుకోవాలి. లైనింగు ఎంత వదలాలండీ అని ఆమె, అరంగుళం చాలండీ అని ఆయన. ఆ తర్వాత కూడా అంతే, పని మాటే తప్ప మరో మాట లేదు.

కటింగ్ బల్లకూ మా గదికీ మధ్య సగం ఎత్తు చెక్క అడ్డం ఒక్కటే. పిన్ని రేవు కథ మొదలుపెడితే అవతల కత్తెర చప్పుడు నెమ్మదించేది. టికెట్లు కొన్న అధ్యాయంలో పూర్తిగా ఆగిపోయేది. నేను పిన్నిని మోచేత్తో పొడిచేదాన్ని. ఇంటికొచ్చాక చెవిలో జోరీగలా పోరేదాన్ని. అడగందే అమ్మైనా పెట్టదు, వెళ్లి నువ్వే మాట్లాడు అని. ఆమె బట్టలు మడతపెట్టుకుంటూ, ఆయనకు మనసుంటే ఆయనే అడుగుతారులేవే అనేది. అలా అని ఎవరు చెప్పారంటే మరో చీర అందుకునేది. ఎవరు చెప్పారో నాకు తెలుసు. ఆ పుస్తకం చెప్పింది. అతను తిరిగొస్తాడు, వరసలో నిలబడతాడు, అడుగుతాడు, నువ్వు కూర్చుని ఉంటే చాలు అని ఏటేటా చెప్పింది. దాన్ని పొయ్యిలో పెట్టాలన్నంత కసిగా ఉండేది నాకు.

ఆయన వచ్చాక ఓ ఏడాది పెద్ద హోటల్ సిబ్బందికి కోట్లు కుడుతున్నాం. కొత్త కోటుకు జేబు మూతి సాగిపోకుండా కచ్చాకుట్టు వేసి పంపుతారు. అందరం తలా కొన్ని కోట్లకు పొడుగ్గా, వదులుగా వేస్తాం, తొడుక్కునేవాళ్లు దారం లాగితే ఊడొస్తుంది. ఎక్కడ కచ్చా వెయ్యాలో, ఎక్కడ గట్టికుట్టు వెయ్యాలో మాస్టారు సుద్దతో గుర్తు పెడతారు. ఆ మధ్యాహ్నం పిన్ని చివరి నుంచి రెండో అధ్యాయం చదువుతోంది. మేస్త్రీ వరసలో నిలబడ్డాడు. ముందు నలుగురున్నారు, ముగ్గురయ్యారు. టికెట్లమ్మాయి తలెత్తడం లేదు. అవతల కత్తెర చప్పుడే లేదు. మేమంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నాం, చేతులు మాత్రం కుట్టుకుంటూ పోతున్నాయి. బెల్లు మోగింది. చివరి అధ్యాయం రేపు అంటూ పిన్ని పుస్తకం మూసింది. ఏమవుతుందో చెప్పమని అంచులావిడ ఎంత బతిమాలినా మేమెవరం నోరు విప్పలేదు.

ఆ రాత్రే ఇస్త్రీ చేసి పంపిన కోట్లు మర్నాడు పొద్దున్నే వెనక్కొచ్చాయి. హోటల్‌వాళ్లు జేబుల దారం లాగితే ఊడలేదట, కత్తి పెట్టి కోస్తే గుడ్డ చిరిగిందట. కథ బిగిసేకొద్దీ మా చేతులూ బిగిశాయి. కచ్చాకుట్టు వెయ్యాల్సినచోట చిన్నచిన్న గట్టికుట్లు పడ్డాయి, ఒక్క కోటుకు కాదు, ఆ మధ్యాహ్నం కుట్టినవాటన్నిటికీ. కథ లేకుండా కుట్టేవాళ్లెవరూ ఇలాంటి తప్పు చెయ్యరు. ఓ కోటు తీసి చూసుకున్నాను. బొత్తం కుట్టిన తీరును బట్టి అది నా పనే అని తెలిసిపోయింది, నేను కుట్టిన జేబులో కూడా వేలు దూరడం లేదు.

యజమాని గదిలోకొచ్చి నిప్పులు చెరిగాడు. అంతలో ఆయన కళ్లు పిన్ని పీట పక్కనున్న పుస్తకం మీద పడ్డాయి. దాన్ని తీసి గాల్లో ఊపాడు. ఈ చదువుల వల్లేనా ఇదంతా, చదివేదెవరు, ముందు ఆ మనిషిని బయటికి పంపుతాను అన్నాడు.

అప్పుడు చెక్క అడ్డం అవతలి నుంచి మాస్టారు వచ్చారు. "గుర్తు నేనే తప్పుగా పెట్టాను సార్, వాళ్లు గుర్తు చూసే కుట్టారు" అన్నారు.

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. ఆ మనిషి సుద్ద గీత వెంట్రుకవాసి తప్పదు. కాదని చూపిద్దామన్నా రుజువు లేదు, ఇస్త్రీ ఆవిరికి సుద్దంతా ఎగిరిపోయింది. మీకే ఇలాంటి తప్పులు మొదలైతే ఇక నేను నడుపుకున్నట్టే, రేపటి నుంచి రావద్దు అన్నాడు యజమాని. మాస్టారు తల ఊపి వెనక్కి వెళ్లారు. పెద్దకత్తెరను గుడ్డలో చుట్టడం మొదలుపెట్టారు.

అందరం తలలు దించుకున్నాం. నిజం చెబితే పిన్ని పని పోతుంది, చెప్పకపోతే ఆయన వెళ్లిపోతారు. ఈసారి వెళ్తే ఏ ఊరో, ఎక్కడో. నాకు రక్తం మరిగిపోయింది. మళ్లీ అదే తంతు. ఆయన గుమ్మం దాటి వెళ్తున్నారు, ఈవిడ అవతల మాట్లాడకుండా ఉంది. ఇక ఆగలేక నేను నోరు తెరవబోయాను. పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది. ఆ క్షణంలో ఆమెను కొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు.

నా చెయ్యి ఊతగా పట్టుకుని ఆమె లేచి నిలబడింది. ఒళ్లోని కోటు జారి కిందపడితే తియ్యలేదు.

"గుర్తులు సరిగ్గానే ఉన్నాయి సార్" అంది. అది చదివేటప్పటి గొంతు కాదు. బొంగురుగా, సగం సగం వచ్చింది. "తప్పు మాది. నేను చదువుతుంటే వీళ్లు వింటూ కుట్టారు. ఆయన అబద్ధం చెప్తున్నారు."

యజమాని విస్తుపోయాడు. అతనే ఒప్పుకుంటుంటే మధ్యలో నీకేమిటమ్మా అన్నాడు. పిన్ని అటు చూడనే లేదు. చెక్క అడ్డం వైపు తిరిగింది.

"ఆ రోజు మా అన్నయ్య మీతో చెప్పింది కూడా అబద్ధమే. నేను తలుపు వెనకాలే ఉన్నాను. ఇష్టం లేదని నేను అనలేదు."

మాస్టారి చేతిలో కత్తెర సగం చుట్టి ఉంది. "ఉందని కూడా అనలేదు కదా" అన్నారు నెమ్మదిగా. దెప్పినట్టు లేదు. ఏళ్లుగా మోస్తున్న మాటను కింద పెట్టినట్టుంది. "అందుకే మళ్లీ అడగలేదు."

"అడగొద్దు. నేనే అడుగుతున్నాను." పిన్ని నా చెయ్యి వదిలేసింది. "వెళ్లకండి. ఈ కంపెనీలో ఉంటారో లేదో మీ ఇష్టం. నాతో ఉండండి."

కాజాల పెద్దావిడ అప్పుడే ముక్కు ఎగబీలుస్తోంది. నేనైతే గుండె గుప్పిట్లో పెట్టుకుని నిలబడ్డాను. కాదంటే ఈ మనిషి ఇక జన్మలో నోరు తెరవదు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. మాస్టారు కత్తెర బల్ల మీద పెట్టారు. చిన్నకత్తెర తీసుకుని మా వైపు వచ్చారు. కటింగ్ మాస్టర్లు చేతిపనివాళ్ల మధ్య కూర్చోవడం ఎక్కడా లేదు. ఆయన పిన్ని పీట పక్కన నేలమీద కూర్చుని, కిందపడ్డ కోటు అందుకుని, జేబు కుట్టు విప్పడం మొదలుపెట్టారు.

"ఉంటాను" అన్నారు తలెత్తకుండానే. "ఇక నీ తరఫున ఎవర్నీ మాట్లాడనివ్వకు. నన్ను కూడా."

పిన్ని అప్పుడు ఏడ్చింది. యజమాని బుర్ర గోక్కుని, ముందు ఆ జేబుల సంగతి చూడండి అని కసిరి వెళ్లాడు. ఇద్దరి పనీ నిలబడింది, అలాంటి చేతులు యజమానికి మాత్రం ఎక్కడ దొరుకుతాయి? చదవడం మాత్రం ఆ రోజుతో సరి. పుస్తకం తీసుకెళ్లి తన బీరువాలో పడేసి తాళం వేశాడు, ఇప్పటికీ ఇవ్వలేదు. మావాళ్లు కొందరు పిన్ని మీద అలిగారు కూడా, నీ పెళ్లికి మా కథ పోయిందే అని.

అంచులావిడ మాత్రం అలక్కుండా, చివరి అధ్యాయం కోసం వెంటపడింది. ఓ సాయంత్రం గేటు దగ్గర పిన్నిని పట్టుకుంది. ఆ అమ్మాయి తలెత్తిందా లేదా, అతను ఏమన్నాడు, నువ్వన్నా చెప్పు తల్లీ, నిద్ర పట్టడం లేదు అంది. నాలుగడుగుల దూరంలో మాస్టారు నిలబడి పిన్ని కోసం చూస్తున్నారు.

"అతను మళ్లీ వచ్చి రెండు టికెట్లు అడుగుతాడమ్మా" అంది పిన్ని. "నవల కదా."