పేచీ ఎంచుకున్న చదువు

మూడోసారికి పేచీ ఫిజిక్సు గట్టెక్కింది. అత్తెసరు మార్కులతో కాదు, నూటికి డెబ్భై ఒకటి. ఆ వార్త వినడానికి ఆమె మేనమామ లేతు మిషను ఆపి, చేతుల నూనె తుడుచుకోకుండానే ఫోను అందుకున్నాడు.

పేచీ అన్నది ఆయన పెట్టిన పేరే. స్నానం చేయించబోతే నీళ్లు కిందికే ఎందుకు పోతాయని అడిగి, జవాబు వచ్చేదాకా తల తడవనివ్వని పిల్ల. పదో తరగతి కాగానే పెద్దలంతా కూడబలుక్కుని కామర్సులో చేర్పించారు. ఆ చదువు ముగిశాక పైలట్ అవుతానంది. విమానం నడపడం నేర్పే బడిలో కాలు పెట్టాలంటే లెక్కలూ ఫిజిక్సూ పాసై ఉండాలని అప్పుడు తెలిసింది. ఆ రెండూ ప్రైవేటుగా కట్టింది. లెక్కలు మొదటి దెబ్బకే వచ్చేశాయి. ఫిజిక్సు మాత్రం రెండుసార్లు తన్నేసింది.

దాంతో మేనమామ ఓపిక అయిపోయింది. కామర్సు వాళ్లనీ చేర్చుకునే ఏవియేషన్ కాలేజీ ఒకటుందనీ, శుక్రవారంతో సీట్లు ఆఖరనీ విని, మేనకోడల్ని స్కూటరెక్కించుకుని తీసుకెళ్లాడు. గోడల నిండా విమానాల బొమ్మలు. లోపలి గదిలో వరుసగా సీట్లు, నెత్తిమీద సామాన్ల అరలు, టీ కప్పులు తోసుకెళ్లే బండి.

"చూశావా, అచ్చం విమానమే," అన్నాడు మేనమామ.

పేచీ గుమాస్తా వైపు తిరిగింది. "మూడేళ్లలో నేను ఎన్ని గంటలు విమానం నడుపుతానండీ?"

"నడపడం ఉండదమ్మా. కౌంటరు పని, ప్రయాణికుల్ని చూసుకునే పని నేర్పుతాం. మంచి ఉద్యోగాలే."

"మంచివే. నాక్కావలసింది పైలట్ కూర్చునే ముందు గది."

ఆ ముందు గది తలుపు తెరుద్దామని మేనమామ పిడి మీద చెయ్యి వేశాడు. వేళ్లకు ఏమీ దొరకలేదు. అది ప్లైవుడ్డు మీద వేసిన బొమ్మ.

అయినా బయటికొచ్చాక ఆయన తగ్గలేదు. "ఫిజిక్సు మళ్లీ తప్పావనుకో. రెంటికీ చెడ్డ రేవడివి అవుతావే."

"అవుతానేమో మామయ్యా. ఇందులో చేరితే మాత్రం నాక్కావలసినదానికే చెడతాను."

"నీ నోరు మాత్రం ఎప్పుడో గాల్లోకి లేచింది," అంటూ స్కూటరు తన్నాడు.

శుక్రవారం వచ్చింది, పోయింది. దాంతోపాటు సీటూ పోయింది. ఇక మిగిలింది మూడో పరీక్ష ఒక్కటే.

శనివారం పొద్దున్నే మేనమామ ఆమెను తన లేతు షెడ్డుకు రమ్మన్నాడు. తుప్పుతో బిగిసిపోయిన బోల్టు ఒకటి చూపించి పొట్టి పానా చేతికిచ్చాడు. పేచీ వేలాడినా అది కదల్లేదు. పానాకు రెండు మూరల గొట్టం తొడిగి ఇచ్చాడు. ఈసారి బోల్టు కిర్రుమని తిరిగింది.

"ఇప్పుడు చదువు, నీ పుస్తకంలో ఏం రాశారో."

బలం, దూరం, టార్కు. ఆ పాఠం ఆమెకు రెండేళ్లుగా నోటికి వచ్చు. బుర్రకెక్కింది ఆ పూటే. నాలుగు నెలలపాటు ఇనప రజను మధ్య అలాగే సాగింది చదువు. పంపులో ఒత్తిడి, బ్రేకులో రాపిడి, తిరిగే ఇరుసులో వేగం. ఏదీ చేత్తో పట్టుకోకుండా పేచీ కాగితం మీద పెట్టలేదు.

ఫిజిక్సు తర్వాత సాధించినవి చెప్పాలంటే వేళ్లు చాలవు. డాక్టర్లు కళ్లూ చెవులూ గుండే పరీక్షించి ఏ వంకా పెట్టలేకపోయారు. విమాన బడి ప్రవేశ పరీక్షలో నాలుగో స్థానం. వాతావరణం, దారి లెక్కలు, విమాన చట్టాలు, అన్నీ ఒక్క విడతలోనే. రేడియోలో మాట్లాడే లైసెన్సు వేరే. శిక్షణ పదహారో గంటకే పక్కన గురువు లేకుండా ఒంటరిగా ఎగిరి, ఇంటి అరుగు మీద కూర్చున్నంత నిమ్మళంగా విమానాన్ని దించింది. దిగీదిగగానే తోటివాళ్లు బకెట్టుతో నీళ్లు కుమ్మరించారు. వాళ్లలో అది సన్మానమట. ఆ ఫొటో చూసి తల్లి, "తల తుడుచుకుందో లేదో," అంది. మేనమామ దానికి చట్రం కట్టించి లేతు మిషను ఎదురుగా తగిలించాడు.

రెండు వందల గంటలు పూర్తయ్యాయి. పైలట్ లైసెన్సు చేతికొచ్చింది. పేచీ ఇంటికి వచ్చేది మార్చి పదకొండో తేదీన. ఆ తేదీని మేనమామ ఫొటో చట్రం కింద సుద్దముక్కతో రాసి పెట్టుకున్నాడు.