తొమ్మిది పాయింట్ మూడు గొప్పా, తొమ్మిది పాయింట్ పది గొప్పా?

ఉద్యోగంలో చేరిన కొత్తలో, మనకు తెలిసిన నాలుగు ముక్కలు వినడానికి లోకం చెవులు కోసుకుంటోందని ఒక భ్రమ ఉంటుంది. జనగామ నుంచి వచ్చి, మణికొండలో గది కిరాయికి తీసుకుని, హైటెక్ సిటీలో ఒక కంపెనీ నెట్‌వర్క్ టీములో చేరిన నాకు ఆ భ్రమ దండిగా ఉండేది. ఆఫీసులో కంప్యూటర్లను, ఫోన్లను, తలుపుల పక్కన కార్డు చూపించే పెట్టెలను ఒకదానితో ఒకటి కలిపి ఉంచే స్విచ్చులను చూసుకోవడం మా పని. (స్విచ్చంటే ఫ్యానుది కాదని మా అమ్మకు ఇప్పటికీ నమ్మకం కుదరలేదు.) వాటిలో నడిచే సాఫ్ట్‌వేర్‌కు ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్లు వస్తాయి, ఒక్కోదానికి ఒక నంబరు.

మా మేనేజరుది రాజమండ్రి. లెక్కల్లో గోల్డ్ మెడలిస్టునని ఆయన రోజూ గుర్తుచేసేవారు కనుక, మేము మర్యాదగా లెక్కల సారు అని పిలుచుకునేవాళ్లం. ఒకరోజు నన్ను పిలిచి, "ఏమ్మా, మన స్విచ్చులో తొమ్మిది పాయింట్ పది ఉందేంటి? తొమ్మిది పాయింట్ మూడు వేయలేదా? రేపు క్లయింట్లు వస్తున్నారు, పెద్ద వెర్షన్ ఉండాలి కదా!" అన్నారు.

"సార్, మూడు పాతది. అది లెక్కల చుక్క కాదు సార్. తొమ్మిదో అంతస్తుల మూడో ఫ్లాటు, పదో ఫ్లాటు అన్నట్టు. మూడు ముందుగాల వచ్చింది, పది తర్వాత వచ్చింది."

ఆయన నా వైపు జాలిగా చూశారు. "పాయింట్ మూడు పెద్దదా, పాయింట్ ఒకటీ సున్నా పెద్దదా? ఐదో తరగతి పిల్లాణ్ణి అడుగమ్మా, చెబుతాడు." ఐదో తరగతి పిల్లలు స్విచ్చులు తయారు చేయరని నోటిదాకా వచ్చింది గానీ, నాది ఇంకా ప్రొబేషన్.

మర్నాడు క్లయింట్లను అద్దాల మీటింగ్ రూంలో కూర్చోబెట్టి, "మా దగ్గర అన్నీ లేటెస్టేనండి" అంటూ, వేసెయ్యమని నాకు బొటనవేలు చూపించారు. వేశాను. కొత్త వెర్షన్‌లో పెట్టుకున్న సెట్టింగులు పాతదానికి ఒక్కటీ తలకెక్కలేదు. అంతస్తంతా నెట్‌వర్క్ పోయింది, ఫోన్లు మూగబోయాయి, మీటింగ్ రూం తలుపు బిగుసుకుంది. అద్దం అవతల సారు నోరు కదులుతోంది, మాట వినబడదు. (ఆయన మాటలు అంత హాయిగా విన్నది ఆ ఒక్కసారే.) సెక్యూరిటీ అన్న ఉరికొచ్చి, "ఏందమ్మా గిట్లయింది? అద్దం పలగ్గొట్టాల్నా?" అన్నాడు. "జర ఆగన్నా!" అన్నాను గానీ, నా కళ్ల ముందు జనగామ బస్సే కనబడుతోంది. తొమ్మిది పాయింట్ పదినే మళ్లీ ఎక్కించి, ముందుజాగ్రత్తగా దాచుకున్న సెట్టింగులు వేశాను. తలుపు టిక్కుమంది.

సారు చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి, "చూశారాండీ తొమ్మిది పాయింట్ మూడు పవర్? మన స్విచ్చు తట్టుకోలేకపోయింది!" అన్నారు. క్లయింట్లు గంభీరంగా తలలూపారు. నా ప్రొబేషన్ గట్టెక్కింది. రివ్యూలో మాత్రం, 'పని బాగుంది, లెక్కలు మెరుగుపరుచుకోవాలి' అని రాశారు.

ఇప్పుడు నాకూ ఒక టీముంది, కోకాపేటలో. మొన్న నేను ఈ మూడు, పది సంగతి వివరిస్తుంటే, కొత్తగా చేరిన అమ్మాయి, "మేడం, ఇప్పుడు వెర్షన్లకు ఏడాది, నెల పేరు పెడుతున్నరు. మీరు చెప్పేది పాత పద్ధతి" అని ఓపికగా నాకు పాఠం చెప్పింది. నిజమే, నాకు తెలియదు. బుద్ధిగా విన్నాను. అంత ధీమా నాలో ఎన్నేళ్లు ఉందో, ఎప్పుడు చెప్పకుండా వెళ్లిపోయిందో గుర్తు తెచ్చుకోబోతే నవ్వొచ్చింది. "ఏమైంది మేడం?" అంది. "ఏం లేదమ్మా, చెప్పు" అన్నాను.