మెడపలకలో రెండు చిల్లులు

ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా. నీకే ఎందుకు చెబుతున్నానంటే, నువ్వు నా మొహం చూడలేవు కాబట్టి. ఏళ్లుగా గుండెల మీద ఒక రాక్షసబల్లి తల మోస్తున్నాను.

గాజువాకలో ఫైబర్ బొమ్మలు చేసే షెడ్డు మాది. సముద్రం ఒడ్డు పార్కుకి కొమ్ముల రాక్షసబల్లుల పుర్రెలు రెండు చేయాల్సి వచ్చింది. ఆ జాతిలో రెండు శాఖలట. నాకిచ్చింది ట్రైసెరటాప్స్. కళ్ల మీద పొడుగు కొమ్ములు, మెడ వెనక పలక చిల్లు లేని నిండు ఎముక. సలీంకిచ్చింది సెంట్రోసారస్. దానికి ముక్కు మీది కొమ్మే పెద్దది, మెడపలకలో రెండు చిల్లులుంటాయి. సలీందీ నాదీ పక్కపక్క బల్లలు. నాకు పని నేర్పింది అతనే.

ముసురుకి రెసిన్ జిగురు ఆరదేమోనని గట్టిపడే మందు ఎక్కువ కలిపాను. నా పలక నిలువునా పగిలింది. పార్కుకి ముందు వెళ్లాల్సింది నాదే. సలీం సెలవులో ఉన్నాడు. అతను పూర్తిచేసిన తలకి ముక్కు కొమ్ము కోసేసి నా కొమ్ములు అతికించాను. చిల్లులు పుట్టీతో పూడ్చి, అప్పన్నస్వామికి చందనం పూసినట్టు మందంగా మెత్తి, రంగు వేశాను.

పార్కు తరఫున చూడ్డానికొచ్చిన మేడమ్ పలక మీద వేలితో కొట్టింది. రెండు చోట్ల చప్పుడు మారింది. ఒక శాఖ తలకి ఇంకో శాఖ కొమ్ములు పెట్టారంది. ఓనరు తలని తిరగేసి లోపల చూశాడు. మా షెడ్డులో రెసిన్ ఆరకముందే చేసినవాడు లోపల బొటనవేలు నొక్కడం ఆనవాయితీ. అక్కడ సలీం ముద్ర ఉంది. ముద్ర ఎవరిదైతే తప్పూ వాళ్లదే అని ఓనరు తేల్చేశాడు.

ఆ సాయంత్రం సెలవు నుంచి తిరిగొచ్చిన సలీం నా దగ్గరకొచ్చాడు. "బావా, తల నాదే. కొమ్ములు నాను పెట్టనేదు. నీకు తెలుసు. ఓనరుతో ఓ మాట సెప్పవా?"

"నాకేటి తెలుసు బావా? లోపల ముద్ర నీదే కదా," అన్నాను.

సలీం గొడవ పడలేదు. నా గోళ్ల కింద ఉన్న పుట్టీ వంక చూసి వెళ్లిపోయాడు. ఓనరు అతన్ని పనిలోంచి తీసేశాడు, ఆ తర్వాత ఏ షెడ్డూ అతన్ని రానివ్వలేదు. ఇప్పుడు కూర్మన్నపాలెంలో షేర్ ఆటో నడుపుతున్నాడు. బొమ్మకి ప్రాణం పోసిన ఆ చేతులతో. అతని ఆటో కనిపిస్తే నేను పక్కకి తప్పుకుని బస్సు కోసం ఆగుతాను. భయమా, సిగ్గా? రెండూ.

మరొకటి చేసే టైము లేక పార్కులో ఆ తలనే నిలబెట్టారు, బోర్డు మీద పేరు రాయకుండా. ఏ శాఖకీ చెందని జంతువు. దాని మరమ్మతు నాదే. ఏటా పుట్టీ కుంగుతుంది, సరిగ్గా ఆ రెండు చోట్లే, లోపల్నుంచి ఎవరో మెల్లగా పీలుస్తున్నట్టు. ఉప్పుగాలి పని అనుకుంటాను. మిగతా బొమ్మలకీ అదే గాలి, అదే పుట్టీ. వాటికేమీ కాదు, మరి దీనికెందుకు? వెనక నుంచి చూస్తే నన్నే చూసే కళ్లగుంటలు.

మొన్న మళ్లీ పూడ్చి, ఆరాక వెళ్లి చూశాను. పుట్టీ కుంగింది. ఒక గుంటలో బొటనవేలి ముద్ర ఉంది. పొరపాటున నేనే నొక్కానేమోనని నా వేలు ఆనించి చూశాను. సరిపోలేదు.

ఇంక పూడ్చను. సలీం ముందు నిలబడే ధైర్యం వస్తుందో రాదో తెలీదు, నిలబడినా అతను క్షమించాలని ఏముంది? ఒక్క మాట మాత్రం నోరు దాటింది. కొమ్ములు మార్చింది నేనే.