సంచీ నిండా రాలిన జుట్టు

ఈ ఉదయం మా మదనపల్లె వీధిలోకి మైకు కట్టిన బైకు వచ్చింది, తల వెంట్రుకలకు స్టీలు సామాన్లిస్తామని రికార్డు గొంతుతో అరుచుకుంటూ. ఎదురింటి కొత్త కోడలు కవరు నిండా జుట్టు తెచ్చి ఇచ్చింది. అతను తూచి, గిన్నె చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. మన కాలంలో ఈ బేరానికి ఒక ముసలామె గంప నెత్తిన పెట్టుకుని వచ్చేది, మీకూ గుర్తుండే ఉంటుంది. వాకిట్లో చతికిలబడి, ఆకూ వక్కా నములుతూ ఇంట్లో అందరి మంచీ చెడ్డా అడిగిగాని లేచేది కాదు.

ఆ రోజుల్లోనే ఒక ఏడాది, మా అక్క పుంగనూరులోని అత్తగారింటి నుంచి వచ్చేసి మూడో నెల నడుస్తోంది. బావకు పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీసే పని. అక్క చెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కి వచ్చింది. కాలు జారితే చెయ్యి వేడినీళ్ళ తొట్టిలో పడిందంటే నమ్మేశాం. పుండు మానిపోయాక జుట్టు ఊడడం మొదలైంది. అమ్మ బోరునీళ్ళను తిట్టింది. రోజూ తల దువ్వేదాన్ని నేనే, పిడికెళ్ళకొద్దీ చేతికొస్తుంటే మందారాకు నూరి పట్టించాను, నూనె మార్చాను, అంతేగాని నీకేమైందక్కా అని ఒక్క మాట అడగలేదు, అంత మొద్దుదాన్ని. ఇంతలో పాస్టరుగారు ప్రార్థన చేసి, ఆదివారం ఆరాధన కాగానే అక్కను బావతో పంపించమన్నారు. నాన్న సరేనన్నాడు. పెట్టె కూడా సర్దేశాం.

శనివారం ఆ ముసలామె వచ్చి, దువ్వినప్పుడల్లా నేను సంచీలో దాచిన అక్క జుట్టును వెలుతురుకు పట్టి చూసింది.

"తెగింది గాదమ్మా ఇది, కుదుళ్ళతో ఊడిండాది. కాన్పయిందా? పెద్ద జ్వరమేమన్నా వచ్చిండెనా?"

రెండూ లేవన్నాం.

"అట్లయితే మూడు నెల్ల కింద ఈ బిడ్డ సావును సూసొచ్చిండాది. అట్లాంటి బయానికి జుట్టు మూడు నెల్లకు రాలతాది. ఇన్నిండ్లు తిరిగేదాన్ని, నాకు తెలీదా?"

అక్క గోడకు చేరబడి భోరుమంది. బావ జడను చేతికి చుట్టుకుని, సలసల కాగే తొట్టిలోకి ఆమె ముఖం వంచాడట. చెయ్యి అడ్డం పెట్టింది కాబట్టి ముఖం దక్కింది.

మర్నాడు బావ వచ్చాడు. పంపనన్న నాన్నను గుండెల మీద తన్ని పడేశాడు. నాన్న మూతి పగిలి, ఆరాధనకు వేసుకెళ్ళిన తెల్లచొక్కా నెత్తురైపోయింది. అడ్డం పోయిన నన్ను గోడకేసి కొట్టి, అక్కను జుట్టు పట్టి గడప దాకా ఈడ్చాడు. అక్కడ జుట్టు ఊడి అతని పిడికిట్లోనే ఉండిపోయింది, అక్క విడిపడి లోపలికి పరిగెత్తింది. అతను తన చేతివంక చూసుకుని బిత్తరపోతుండగా అమ్మ రోకలెత్తి మోచేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. నాన్న లేచి పట్టుకోకపోతే రెండో దెబ్బ తల మీద పడేదే. నిజం చెప్పొద్దూ, ఆ చప్పుడు తలుచుకుంటే నాకిప్పటికీ సంతోషమే.

అక్క మళ్ళీ పుంగనూరు గడప తొక్కలేదు. కుప్పంలో టీచరుగా చేసి రిటైరయింది. ఏడాది తిరిగేసరికి జుట్టూ వచ్చింది, ఒత్తుగా.

ఇప్పుడు అందరూ దీన్ని స్ట్రెస్ అంటున్నారు, సీసాల్లో మందులమ్ముతున్నారు. గ్రాములతో సహా తూచే మిషనూ వచ్చింది, ఎందుకు రాలిందమ్మా అని అడిగే మనిషే లేకుండా పోయింది. ఎదురింటి పిల్ల పెళ్ళై వచ్చి నాలుగు నెలలైనా కాలేదు. మోకాళ్ళు నొప్పులే, అయినా సరే, ఈ సాయంత్రం ఆ పిల్ల దగ్గరికి నేనే వెళ్ళి అడుగుతాను.